డిసెంబర్ 17కు ముందే పశువుల తొట్టి దగ్గరకు వెళ్లిపోవచ్చా?

వాక్యదీపం
కతోలిక విచారణ (పారిష్) వాట్సాప్ గ్రూపులకు రోజూ రెండు నిమిషాల ఆడియో ధ్యానం పంపేవాళ్లను అడుగుతున్నా. 2026లో ఆగమన కాలం (క్రిస్మస్‌కు సిద్ధపడే వారాలు) నవంబర్ 29న మొదలు. డిసెంబర్ 16 దాకా పూజలో చదివే రోజువారీ పఠనాల్లో బేత్లెహేము తొట్టి, గొల్లలు, జ్ఞానుల నక్షత్రం ఎక్కడా కనబడవు. మన దగ్గరేమో డిసెంబర్ మొదటి వారానికే సెమీ క్రిస్మస్ కేకు కోసేస్తారు, ఇంటిమీద స్టార్ వెలుగుతుంది. మన ధ్యానం కూడా ఆ ఊపులో తొట్టి చుట్టూ తిరగాలా, ఆనాటి పఠనానికే కట్టుబడాలా? నా మాట: 17 దాకా తొట్టి జోలికి పోవద్దు.

ఉపదేశి మాస్టారు
అంత గట్టిగా గీత గీస్తే ఎలా అండీ? "పరిశుద్ధుడు, పరిశుద్ధుడు" పాడేముందు ఫాదర్ గారు చదివే స్తుతి ప్రార్థన ఒకసారి వినండి. మొదటి ఆదివారం నుంచి 16 దాకా చదివేది అదే. దీనుడై వచ్చిన మొదటి రాకనూ మహిమతో వచ్చే రెండో రాకనూ ఒకే ఊపిరిలో చెబుతుంది. 1969 నాటి పూజాకాలాల నియమాలు కూడా ఆగమన కాలానికి రెండు ముఖాలున్నాయనే అంటాయి. మొదటి రాకను తలుచుకుంటూనే రెండో రాకకు ఎదురుచూడమన్నప్పుడు, మొదటి రాక ఊసే ఎత్తొద్దంటే అది సగం ఆగమనమే.

తొలికోడి
మాస్టారూ, ఆ ప్రార్థన సంగతి ఒప్పుకుంటా. కానీ మనం రాసేది పఠనం మీద ధ్యానం. మొదటి వారం సోమవారమే తీసుకోండి: యెషయా 2:1-5, మత్తయి 8:5-11. పది ధ్యానాల్లో తొమ్మిది శతాధిపతి విశ్వాసం దగ్గరే ఆగిపోతాయి, "నమ్మితే స్వస్థత" అని ముగిసిపోతాయి. ఆ రోజు ఈ సువిశేషాన్ని పెట్టింది 11వ వచనం కోసం. తూర్పు నుంచి, పడమర నుంచి అనేకులు వచ్చి అబ్రహాముతో పంక్తిలో కూర్చుంటారు. యెషయాలో జనాలన్నీ ప్రభువు కొండకు నడిచి వస్తాయి, ఖడ్గాలు నాగటి కర్రులవుతాయి. ఆ నడకలో మొదటివాడు ఈ శతాధిపతి, రోమను సైనికాధికారి.

తప్పెక్కడ జరుగుతుందంటే, సువిశేషం ముందు చదివి మొదటి పఠనాన్ని చివర్లో ఒక వాక్యంగా అతికిస్తాం. రెండో వారం బుధవారం దాకా వరస తిరగేయాలి. ఆ రోజుల్లో యెషయా గ్రంథం వరసగా నడుస్తుంది, దానికి జోడీగా సువిశేషాన్ని ఎంచారు. యెషయాలోంచి ఒక్క మాట పట్టుకుని సువిశేషంలోకి దిగండి. మొదటి వారం బుధవారం కొండమీద విందు, దాని పక్కన ఏడు రొట్టెలు. శుక్రవారం చూపు పొందే గుడ్డివారు, దాని పక్కన ఇద్దరు గుడ్డివాళ్లు. రెండో వారం గురువారం నుంచి బాప్తిస్మ యోహాను వస్తాడు, అక్కణ్నుంచి సువిశేషమే ముందు నడుస్తుంది. ఇందులో తొట్టిని ఎక్కడ దూరుస్తారు?

మూడో వత్తి
వాక్యదీపం గారూ, మీ గీతే తప్పు. 17 నుంచి 24 ఉదయం దాకా కూడా తొట్టి లేదు! 17న వంశావళి, 18న యోసేపు కల, 19న జెకర్యా మూగబోవడం, అలా 24 ఉదయం జెకర్యా స్తోత్రం దాకా. తొట్టి లూకా 2:7లో ఉంది, అది వినబడేది అర్ధరాత్రి పూజలో. మీ నియమమే పాటిస్తే పాకలో బాలయేసును పెట్టేదాకా నోరు కట్టుకోవాలి.

పనిలో పని, తేదీల తప్పులు కూడా చూసుకోండి. అమెరికా వెబ్‌సైట్లలోంచి తీసి తెలుగు చేస్తే డిసెంబర్ 3న బోల్తా పడతారు. అక్కడ యెషయా 26 ఉంటుంది, మన గుడిలో ఫ్రాన్సిస్ జేవియర్ పండుగ పఠనాలు నడుస్తాయి. (జేవియర్‌నే మనం శౌరి అంటాం, మన ఊళ్లలో శౌరయ్యలు, శౌరమ్మలు ఊరికే పుట్టలేదు.) ఇక మూడో వారం. 2026లో 17 గురువారం పడింది, కాబట్టి "మూడో వారం గురువారం" పఠనాలు వాడం, 17వ తారీకువే వాడతాం. వారాల లెక్కన ముందే రికార్డు చేసి పెట్టుకున్నవాళ్ల ఆడియో ఒకటి చెబుతుంది, గుడిలో ఇంకొకటి వినబడుతుంది.

వాక్యదీపం
17 సంగతి ఒప్పుకున్నా, దెబ్బ తగిలింది. అయినా 17న మలుపు ఉన్న మాట నిజం. ఆ రోజు నుంచి 23 దాకా సాయంకాల ప్రార్థనలో క్రీస్తును ఒక్కో బిరుదుతో "ఓ" అని పిలిచే ఏడు పల్లవులు వస్తాయి. వాటి లాటిన్ బిరుదుల మొదటి అక్షరాలు వెనక నుంచి చదివితే "ఏరో క్రాస్", అంటే "రేపు ఉంటాను". ఒక సందేహం: గబ్రియేలు సందేశం (లూకా 1:26-38) 8న, నిష్కళంక మాత పండుగకు వస్తుంది, మళ్లీ 20న వస్తుంది. 8న ఆదికాండము 3తో కలిపి అవ్వ, మరియమ్మ అని చెబుతా. 20న యెషయా 7తో, గుర్తు అడగనన్న ఆహాజు రాజును పెట్టి చెబుతా. సరిపోతుందా?

తొలికోడి
20 ఆదివారం అండీ ఈసారి. నాలుగో ఆదివారం, ఆదివారపు పఠనాల మూడేళ్ల చక్రంలో బి సంవత్సరం. సువిశేషం అదే కానీ మొదటి పఠనం 2 సమూయేలు 7. ఆహాజు రాడు. "నాకు ఇల్లు కట్టేది నువ్వా?" అని దావీదును అడిగిన దేవుడు నజరేతులో ఒక కన్యను అడిగి ఇల్లు చేసుకుంటాడు. అదే పఠనం 24 ఉదయం మళ్లీ వస్తుంది, కాబట్టి మొత్తం ఖర్చు పెట్టేయకండి.

ఉపదేశి మాస్టారు
బాగుంది. నేను మాత్రం సెమీ క్రిస్మస్ రోజున తొట్టి చెబుతాను, అక్కడ లూకా 2 చదువుతారు కదా. గ్రూపు ఆడియోలో ఆనాటి పఠనమే. రెంటినీ కలపకపోతే చాలు.

మూడో వత్తి
అలాగైతే నాకూ అభ్యంతరం లేదు మాస్టారూ. వాక్యదీపం గారూ, 8న అవ్వతో పోల్చడం సరే, కానీ ఆ సువిశేషం చూసి "యేసు మరియమ్మ గర్భంలో పడిన రోజు" అని మాత్రం అనేయకండి. ఏటా ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఆ పండుగ అన్నమ్మ గర్భంలో మరియమ్మ పడిన రోజుది. వేళ్లమీద లెక్కపెట్టుకోండి: డిసెంబర్ 8 నుంచి సెప్టెంబర్ 8, మరియమ్మ పుట్టినరోజుకు సరిగ్గా తొమ్మిది నెలలు. యేసుది మార్చి 25.