ఎఫ్‌మాక్-డైఫినైల్‌అలనిన్ జెల్: ఒకే పెప్టైడ్, పూటకో రకం జెల్

పీహెచ్‌డీ_రెండో_ఏడు: జెల్ కోసం ఎఫ్‌మాక్-ఎఫ్‌ఎఫ్‌ని (ఎఫ్‌మాక్ అనే రసాయన గుంపు తగిలించిన డైఫినైల్‌అలనిన్) సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి, హెచ్‌సీఎల్ చుక్కలుగా వేస్తున్నాను. వయల్‌లో ఒకచోట గడ్డ, ఇంకోచోట నీళ్లు. రియోమీటర్ (జెల్ గట్టిదనం కొలిచే యంత్రం) రీడింగులకు పొంతనే లేదు. గైడ్‌తో మీటింగ్ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది. దీన్ని దాటినవాళ్లు చెప్పండి.

నానోపోగు: హెచ్‌సీఎల్ మానేయండి. చుక్క పడినచోట పీహెచ్ ఒక్కసారిగా పడిపోయి, పెప్టైడ్ పోగులు అక్కడే అల్లుకుంటాయి. కలియబెడితే ఆ అల్లిక తెగుతుంది. గ్లూకోనో డెల్టా లాక్టోన్ వాడి చూడండి. ముందు మొత్తం కరిగిపోతుంది, ఆ తర్వాత నీటితో చర్య జరిపి మెల్లగా గ్లూకోనిక్ ఆమ్లం అవుతుంది. పాలలో నిమ్మరసం పిండితే విరుగుతాయి, తోడు వేస్తే పెరుగు తోడుకుంటుంది. ఇక్కడా అంతే.

సీసా_తిప్పి_చూడు: ఇంకో సంగతి. చిన్న పెప్టైడ్ కదా, పీకేఏ (ఆమ్ల భాగం సగం మేర ప్రోటాన్ వదిలేసే పీహెచ్) 3.5 దగ్గర ఉంటుందనుకుంటాం. ఎఫ్‌మాక్-ఎఫ్‌ఎఫ్‌కి అది దాదాపు 10 దగ్గర ఒకటి, 6 దగ్గర ఒకటి కనిపిస్తుందని 2009లో చూపించారు. అంటే మీటర్ 9 చూపిస్తున్నప్పుడే పోగులు మొదలైపోతాయి. అందుకే చివరి పీహెచ్ ఒక్కటే రాసుకుంటే చాలదు, అక్కడికి ఎంత వేగంగా దిగారో కూడా రాసుకోండి.

కల్చర్_అక్క: తమ్ముడూ, జెల్ కణాల కోసమా? అయితే లాక్టోన్ ఎంత వేశావో చూసుకో, ఎక్కువైతే పీహెచ్ 4 దాకా దిగుతుంది. కణాలు తట్టుకోవు.

పీహెచ్‌డీ_రెండో_ఏడు: అవునక్కా, మృదులాస్థి కణాలకే.

కల్చర్_అక్క: ఎఫ్‌మాక్ డైపెప్టైడ్ జెల్స్‌లో ఆ కణాల్ని 2006లోనే పెంచారు, కాబట్టి దారి ఉంది. నేనైతే డీఎంఎస్ఓ (పెప్టైడ్‌ని కరిగించే సేంద్రియ ద్రావణి) పద్ధతి వాడతాను. మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల స్టాక్‌ని నీటితో 5 మిల్లీగ్రాములకి పలచన చేస్తాను. ముందు పాలలా తెల్లబడుతుంది, కాసేపటికి దానంతటదే తేటపడి గట్టిపడుతుంది. తేటపడేదాకా వయల్ కదపకు. అందులో 5 శాతం డీఎంఎస్ఓ మిగులుతుంది కాబట్టి, కణాలు వేసే ముందు మీడియం మార్చి మార్చి కడగాలి, ఇది తప్పనిసరి.

నానోపోగు: ఆర్‌ఏడీఏ16 (తనంతట తానే పోగులుగా అల్లుకునే ఇంకో పెప్టైడ్) కూడా ఆలోచించండి. ఎంఐటీలో షుగ్వాంగ్ జాంగ్ బృందం ఈస్ట్ ప్రోటీన్‌లో గమనించిన వరుసతో మొదలైన కుటుంబం అది. ఇప్పుడు ఎండోస్కోపీలో రక్తం ఆపడానికి ప్యూరాస్టాట్ పేరుతో వాడుతున్నారు. ద్రావణం ఆమ్లంగా ఉంటుంది, మీడియంలోని లవణాలు తగలగానే జెల్ కడుతుంది. కణాల్ని ఆ ఆమ్లంలో ఎక్కువసేపు ఉంచకండి.

సీసా_తిప్పి_చూడు: రీడింగుల మాటకొస్తే, వయల్‌లో కట్టిన జెల్‌ని స్పాచులాతో తీసి ప్లేట్ మీద పెట్టకండి. రియోమీటర్ కప్పులోనే కట్టనివ్వండి, ఆవిరి కాకుండా మూత పెట్టండి.