తండ్రికి ముందే తెలిసిన సంగతిని మనం ఎందుకు అడగాలి?

ప్రశ్న: తూర్పు కిటికీ

అందరికీ వందనాలు. మా అమ్మగారు మూత్రపిండాల వ్యాధితో రెండేళ్ళు బాధపడి, ఎనిమిది నెలల క్రితం ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయారు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకువెళ్ళేవాళ్ళం. ఆ రెండేళ్ళలో మా సంఘం చేయని ప్రార్థన లేదు. శుక్రవారం ఉపవాస కూడికలు జరిగాయి, ఆఖరి నెలలో గంటకొకరు చొప్పున వంతులు వేసుకొని రాత్రింబవళ్ళు చైన్ ప్రేయర్ కూడా సాగించారు. భూస్థాపన ముగిసి ఇంటికి వచ్చిన సాయంత్రం సంఘపెద్ద ఒకరు నన్ను పక్కకు పిలిచి, "విశ్వాసం ఎక్కడో చాలలేదమ్మా" అన్నారు. ఆయన చెడ్డ మనిషి కారు, మా కోసం ఉపవాసం ఉన్నవారే. కానీ ఆ మాట విన్న నాటి నుండి నేను మోకరించలేకపోతున్నాను.

నా సందేహాలు రెండు. మనం అడగక మునుపే మనకేం కావాలో తండ్రికి తెలుసునని మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో యేసే చెప్పారు కదా, మరి అడగడం ఎందుకు? విశ్వాస సహితమైన ప్రార్థన రోగిని స్వస్థపరుస్తుందని యాకోబు పత్రిక అంటున్నది. మా విషయంలో ఆ మాట ఎందుకు నెరవేరలేదు? రాత్రి పడుకునే ముందు మా పాపతో కలిసి పరలోక ప్రార్థన మాత్రం చెబుతున్నాను, అదీ అలవాటుకొద్దీ. ఆసుపత్రిలో అమ్మ పక్క మంచం మీద ఉండే పెద్దాయన భార్య ఇప్పటికీ ఫోన్ చేసి, "మా ఆయన కోసం ప్రార్థన చేయమ్మా" అని అడుగుతుంటారు. ఏం చెప్పాలో తెలియక ఆమె ఫోన్ ఎత్తడం మానేశాను.

జవాబు 1: పాత కీర్తన

అమ్మా, ముప్పై ఏళ్ళకు పైగా పల్లె సంఘాల్లో పరిచర్య చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మీ రెండవ సందేహంతో మొదలుపెడతాను, ఎందుకంటే గాయం అక్కడ ఉంది.

యాకోబు 5వ అధ్యాయం 14, 15 వచనాలను ఒకసారి నిదానంగా చదవండి. రోగి సంఘపెద్దలను పిలిపించుకోవాలి, వారు నూనె రాసి ప్రార్థన చేయాలి, ఆ ప్రార్థన విశ్వాస సహితమైనదై ఉండాలి అని అక్కడ ఉన్నది. ప్రార్థన చేసేది పెద్దలు. రోగి విశ్వాసాన్ని గాని, రోగి కూతురి విశ్వాసాన్ని గాని కొలవమని ఆ వచనం ఎవరికీ చెప్పలేదు. ఆ లెక్కన, విశ్వాసం చాలలేదన్న మాట ముందుగా ఆ మాట అన్నవారికే తగలాలి. ఆయనకూ తగలకూడదనే నేనంటాను.

ఇంకొక సంగతి చూడండి. అపొస్తలుడైన పౌలు ఒంటికి తగిలిన చేతిగుడ్డలు తెచ్చి వేస్తే ఎఫెసులో రోగులు బాగుపడ్డారని అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం చెబుతుంది. అదే పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన రెండవ పత్రిక చివర, తన తోటి పనివాడైన త్రోఫిమును మిలేతులో రోగిగా విడిచి వచ్చానని ఒక్క ముక్కలో రాసి ముందుకు వెళ్ళిపోయాడు. ఎవరి విశ్వాసం తక్కువైందన్న ప్రశ్నే అక్కడ లేదు. తిమోతికి తరచుగా వచ్చే కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకొమ్మని సలహా ఇచ్చినవాడూ ఆయనే. తన సొంత శరీరంలోని ముల్లు తీసివేయమని ముమ్మారు వేడుకుంటే ఆయనకు దొరికిన జవాబు "నా కృప నీకు చాలును" అన్నది. ఆ ముల్లు ఏమిటో మనకు చెప్పలేదు, పోయిందని కూడా చెప్పలేదు. అంతకంటే పై మెట్టున, సిలువకు ముందు రాత్రి యేసు ప్రార్థించిన గెత్సేమనే తోట ఉంది. శ్రమల గిన్నె తొలగించమని అడిగిన దేవుని కుమారుడికే గిన్నె తొలగలేదు. ఆయనకూ విశ్వాసం చాలలేదని అనగలమా?

దావీదు జబ్బుపడిన తన బిడ్డ కోసం ఏడు రోజులు నేల మీద పడి ఉపవాసం ఉన్నాడు. బిడ్డ చనిపోయాక లేచి, స్నానం చేసి, మందిరానికి వెళ్ళి మ్రొక్కి, ఇంటికి వచ్చి భోజనం చేశాడు. మీరు అంత త్వరగా లేవాలని నేననను. ఆయన రాజు, చుట్టూ సేవకులున్నారు, వంట ఎవరో చేసి పెట్టారు.

జవాబు 2: ఒంగోలు పాఠకుడు

సహోదరీ, మీ మొదటి సందేహానికి మా ఊరి సంగతి ఒకటి చెబుతాను. ఒంగోలులో ప్రార్థన కొండ అని ఉంది. నెల్లూరులో పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూవెట్, ఆయన భార్య, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ గుట్ట ఎక్కి, ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని ప్రార్థన చేశారు. 1836లో మొదలైన ఆ తెలుగు మిషనులో అప్పటికి చెప్పుకోదగిన ఫలితం లేదు, మూసివేద్దామన్న మాట అమెరికాలో మళ్ళీమళ్ళీ వస్తుండేది. ఆ ప్రార్థనకు జవాబుగా మావాళ్ళు చెప్పుకునే జాన్ క్లౌ ఒంగోలు చేరింది 1866లో. మధ్యలో పన్నెండేళ్ళు గడిచాయి. సాక్ష్యాల్లో ఈ కథ చెప్పేవారు ఆ పన్నెండేళ్ళను ఒక్క వాక్యంలో దాటేస్తారు, అది నాకెప్పుడూ బాధే.

నాకు ఆ ప్రార్థన శక్తి మరోచోట బాగా కనిపిస్తుంది. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ పనిలో మూడున్నర మైళ్ళు తవ్వించే కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి కూలి పని చూపించాడు. బియ్యం కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని, ఆ కరువు రోజుల్లో నెలల తరబడి బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కొండ మీద అడిగినవారి తరువాతి పనివాడు కాలువ గట్టున నిలబడవలసి వచ్చిందన్నమాట. అడిగినదానిలో మనల్నీ దించడానికే దేవుడు మనచేత అడిగిస్తాడేమోనని నాకనిపిస్తుంది.

జవాబు 3: వాక్యం వెంట

ఒంగోలు సోదరుని మాటకు చిన్న అభ్యంతరం. 2,222 అన్న సంఖ్యను ప్రార్థన శక్తికి కొలతగా చూపితే, ఈ సోదరిని మళ్ళీ పాత గోతిలోకే నెట్టినట్టవుతుంది. అక్కడ లెక్క కుదిరింది, ఇక్కడ కుదరలేదు అనుకుంటారు. పైగా ఆ జనంలో ఎక్కువమంది మాదిగలు. తోళ్ళ వ్యాపారంలో ఊరూరా తిరిగిన యెర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం పొంది తనవాళ్ళకు చెప్పిన మాట, మనిషిగా నిలబడాలన్న ఆ ప్రజల తపన, ఇవి కూడా ఆ నది ఒడ్డుకు నడిపించాయి. వీటన్నిటిలో దేవుడు లేడని నేననను. కొండ మీది ప్రార్థన ఒక్కటే అంతా చేసిందంటే పేరయ్య నడిచిన దారి కనిపించకుండా పోతుంది.

సోదరీ, మీరు అలవాటుకొద్దీ చెబుతున్నానన్న పరలోక ప్రార్థన గురించి ఒక మాట. తండ్రికి ముందే తెలుసు అన్న వెంటనే, తరువాతి వచనంలోనే, "కాబట్టి మీరీలాగు ప్రార్థన చేయుడి" అని యేసు ఈ ప్రార్థనను నేర్పించారు. ఆయనకు తెలుసు గనుక అడగనక్కరలేదని కాదు, తెలిసినవాడి దగ్గరికే వెళ్ళమని నేను అర్థం చేసుకుంటాను. మన ఇళ్ళలో పిల్లవాడి ఆకలి తల్లికి తెలియక కాదు కదా వాడు "అమ్మా, అన్నం" అనేది.

ఆ ప్రార్థనలో "నా" అన్న మాట ఎక్కడా లేదు. "మా తండ్రీ", "మా అనుదినాహారము", "మా ఋణములు". మన భాషలో "మా", "మన" వేరు గనుక ఇది మనకు మరింత స్పష్టంగా వినిపిస్తుంది. ఎదుటనున్న ఆయనతో మాట్లాడుతున్నాం కాబట్టి "మన" అనలేం, ఒంటరిగా ఉన్నా "నా" అనమని ఆయన నేర్పలేదు. మీరు మోకరించలేని రాత్రి ఇంకెవరో ఎక్కడో "మా" అంటున్నారు, అందులో మీరూ ఉన్నారు.

ప్రశ్న అడిగినవారు: తూర్పు కిటికీ

ముగ్గురికీ వందనాలు. యాకోబు వచనాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు, కానీ ప్రార్థన చేసేది పెద్దలన్న సంగతి ఇంతవరకు నా కంటపడలేదు. ఆ పెద్దాయనతో వాదించాలని లేదు. వీలు చూసుకొని ఆ రెండు వచనాలు ఆయనతో కలిసి చదవాలని ఉంది. ఆయన కూడా రెండేళ్ళు ఉపవాసం ఉండి, జవాబు రాక, ఏదో ఒక కారణం వెతుక్కున్నారేమో.

నా మొదటి సందేహం పూర్తిగా తీరిందని చెప్పలేను. పాపతో రాత్రి "మా" అన్నప్పుడు ఒక క్షణం ఆగాను, "ఏమైందమ్మా?" అని అడిగింది. పొద్దున ఆసుపత్రి ఆవిడకు నేనే ఫోన్ చేశాను. వాళ్ళ ఆయనకు రేపు డయాలసిస్ ఉంది, తోడుగా రావడానికి వాళ్ళబ్బాయికి సెలవు దొరకలేదట. ఉదయం ఏడు గంటలకు వస్తానని చెప్పాను.