ఏళ్ల తరబడి కదలని పాత కారు: సెల్ఫ్ కొట్టొచ్చా?

ప్రశ్న:
నాన్న నడిపిన కార్బురేటర్ కారు చాలా ఏళ్లుగా షెడ్డులోనే ఉండిపోయింది. ఇంట్లోనే సొంతంగా బాగుచేయాలని ఉంది. డ్రైవర్ కాళ్ల కింద రేకు స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగిపోతోంది, పెయింట్ కూడా అక్కడక్కడా లేచింది. కొత్త బ్యాటరీ పెట్టి ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూడాలని తహతహగా ఉంది, కొట్టొచ్చా? లేక ముందు బాడీ పని చూడాలా?

జవాబు:
ఇప్పుడే సెల్ఫ్ కొట్టకండి బ్రదర్, దయచేసి. అన్నాళ్లు ఆగిపోయిన ఇంజిన్‌లో సిలిండర్ గోడల మీద ఆయిల్ పొర జారిపోయి, పిస్టన్ రింగులు తుప్పుతో గోడకి పట్టేసి ఉండొచ్చు, అప్పుడు మోటార్‌తో బలంగా తిప్పితే రింగు విరుగుతుంది లేదా గోడ గీసుకుపోతుంది. స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పి ఒక్కో రంధ్రంలో కొంచెం ఇంజిన్ ఆయిల్ పోసి ఒకటి రెండు రోజులు వదిలేయండి. తర్వాత బండి న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ పుల్లీ (ఇంజిన్ ముందు బెల్టు తిప్పే చక్రం) బోల్టుకి స్పానర్ తగిలించి, ఇంజిన్ తిరిగే వైపే చేత్తో మెల్లగా తిప్పండి. రెండు చుట్లు పూర్తిగా తిరిగితే ప్రతి సిలిండర్‌లో నాలుగు స్ట్రోకులూ అయినట్టే. ఆ తర్వాతే సెల్ఫ్, అదీ ప్లగ్గులు లేకుండా, రంధ్రాల మీద గుడ్డ కప్పి, ఎందుకంటే పోసిన ఆయిల్ అంతా ఎగజిమ్ముతుంది.

ట్యాంకులో పాత పెట్రోల్‌తో మాత్రం స్టార్ట్ చేయొద్దు. అది జిగురుగా మారి కార్బురేటర్ జెట్లు (పెట్రోల్ కొలతగా వెళ్లే సన్న రంధ్రాల ఇత్తడి ముక్కలు) మూసేస్తుంది. విప్పి కడిగేటప్పుడు జెట్‌లో తీగ గుచ్చకండి, ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే ఇక గాలి-పెట్రోల్ మిక్చర్ కుదరదు. రబ్బరు పైపులు కూడా మార్చేయండి, ఇప్పటి ఇథనాల్ పెట్రోల్‌కి పాతకాలం రబ్బరు తట్టుకోదు.

ఇంకో జవాబు:
పైన చెప్పిందంతా కరెక్ట్. కానీ కదిలిన బండి ఆగాలి కూడా కదా, బ్రేకులు వదిలేయకండి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, ఏళ్లు గడిచేసరికి వీల్ సిలిండర్ (చక్రం దగ్గర బ్రేకుని నెట్టే చిన్న సిలిండర్) లోపల తుప్పు గుంటలు పడతాయి. దాని చివర ఉన్న రబ్బరు బూటు (తొడుగు) అంచు ఎత్తి చూడండి, లోపల తడి కనిపిస్తే లీకే. డ్రమ్ విప్పాక దుమ్ము గాలితో ఊదొద్దు, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, మాస్క్ పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి. ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టాల్సిందే.

మరో జవాబు:
ఫ్లోర్ రేకు మీద పుట్టీ పూసి కప్పేస్తే లోపల తుప్పు తింటూనే ఉంటుంది. గట్టి రేకు తగిలేదాకా కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయించాలి. అంతకంటే ముందు నీళ్లు ఎక్కడి నుంచి దిగాయో చూడండి, ముందు అద్దం రబ్బరు, డోర్ల అడుగున నీళ్లు పోయే రంధ్రాలు. డోర్ల కింద సిల్ కూడా పోయుంటే, కోసే ముందు డోర్ ఖాళీకి అడ్డంగా ఇనుప రాడ్డు బిగించండి, లేకపోతే బాడీ కుంగి డోర్లు మళ్లీ పడవు. ఖాళీ అయినా సరే పెట్రోల్ ట్యాంకు దగ్గర వెల్డింగ్ వద్దు, లోపలి ఆవిరి చాలు పేలడానికి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అన్నా, చాలా క్లియర్‌గా చెప్పారు. బ్యాటరీ పక్కన పెట్టేశా. చేత్తో తిప్పినా కదలకపోతే స్పానర్‌కి పైపు తొడిగి లాగొచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
వద్దు, బోల్టు తెగుతుంది. మళ్లీ ఆయిల్ పోసి ఇంకొన్ని రోజులు ఆగి, అటూ ఇటూ కొంచెం కొంచెం ఊపి చూడండి. అప్పటికీ కదలకపోతే హెడ్ (సిలిండర్ల పై మూత) విప్పి చూడటమే.