బరువైన నాదానికి ఏ మౌత్ ఆర్గన్? లో-డి కొనాలా, జి సరిపోతుందా?

రేవుగట్టు (నరసాపురం):
నా దగ్గర పది బెజ్జాల సి శృతి మౌత్ ఆర్గన్ ఉందండి. పాత పాటలు వాయిస్తుంటే పై స్వరాలు కీచుమంటున్నాయి. మా ఆవిడ "ఆ ఈల ఆపండి" అంటోంది. లోతుగా మోగేది కావాలి. మామూలు శృతికన్నా ఒక స్థాయి కింద మోగే లో-ఎఫ్, లో-డి, లో-సి అని కనిపిస్తున్నాయి గానీ ధర చూస్తే గుండె గుభేలుమంది. ఏది కొనమంటారు?

వరిచేను62 (తణుకు):
ముందు జి కొనండి. మామూలు శృతుల్లో అన్నిటికన్నా కింద మోగేది అదే, దొరకడమూ తేలిక.

కొబ్బరాకు (అమలాపురం):
జి మంచిదే, కానీ ఒక చిక్కుంది. బాగా కింది స్వరాలు మొదటి మూడు బెజ్జాల్లో ఉంటాయి. అక్కడ మ, ద ఉండవు. రెండో బెజ్జం, మూడో బెజ్జం పీలుస్తూ బెండ్ చేసి, అంటే నోటితో స్వరాన్ని కిందికి వంచి రాబట్టాలి. సరిగమలు వరసగా దొరికేది నాలుగు నుంచి ఏడు దాకానే. లో-డి కొంటే ఆ నాలుగు నుంచి ఏడే మామూలు డి కన్నా ఒక స్థాయి కింద పలుకుతాయి, బెండ్‌తో పని లేదు. పాటలు వాయించేవాళ్లకి లో రకాల వల్ల అసలు లాభం ఇదే. ఇంతకీ మీరు పాడే శృతి ఎంత?

రేవుగట్టు:
రెండండి.

వరిచేను62:
రెండంటే డి. అయితే జి మీదే రెండో బెజ్జం పీల్చి షడ్జమంగా పెట్టుకోవచ్చు. బ్లూస్ సంగీతం వాయించేవాళ్లు చేసేది అదేగా.

కొబ్బరాకు:
అన్నా, అలా వాయిస్తే వచ్చేవి హరికాంభోజి స్వరాలు, అందులో నిషాదం శంకరాభరణం కన్నా కిందుంటుంది. శంకరాభరణం పాట ఎత్తుకుంటే నిషాదం దగ్గర దొరికిపోతారు.

తోలుతిత్తి (రాజోలు):
పద్యనాటకాలకి హార్మోనియం వాయించినవాణ్ణి, నాదీ ఒక మాట. బేస్ రీడు (కింది స్వరం పలికే లోహపు నాలుక) చివర బరువు ఉంటుంది చూడండి, లో రకాల్లోనూ అంతే. రీడు కదలడానికి క్షణం పడుతుంది. గట్టిగా ఊదితే అసలు పలకదు. నా లో-సి మొదటి బెజ్జం పీలిస్తే టకటకమనేది, ఊదితే ఏమీ లేదు. విప్పి చూశాను. పీల్చే రీడ్లు కింది పలకకి బయటివైపు ఉంటాయి, అవి బాగా ఊగి మూతరేకుకి తగులుతున్నాయి. ఊదే రీడ్లు లోపల ఉంటాయి కనుక వాటికి ఆ బాధ లేదు. రేకు మెల్లగా బయటికి వంచితే చప్పుడు పోయింది. హోనర్ వాళ్ల లో రకం మౌత్ ఆర్గన్ థండర్‌బర్డ్‌కి కింది రేకు ఎత్తుగా ఉండేది ఇందుకే. అంత పెట్టలేకపోతే మామూలుది కొని రేకు వంచుకోండి, ఆయ్.

రేవుగట్టు (మూడు వారాల తర్వాత):
లో-డి వచ్చిందండి. మొదటి రోజు ఒకటో బెజ్జం మూగబోయింది, పాడైంది వచ్చిందేమో అని టెన్షన్. చంటిపిల్ల కంట్లో నలుసు ఊదినంత మెల్లగా ఊదితే పలికింది. మా ఆవిడ ఈల అనడం మానేసింది, "రేవులోకి పంటు పడవ వచ్చిందా ఏంటి?" అంటోంది. ఒకటే లోటు, గబగబా నడిచే పాటలు దీని మీద రావడం లేదు.

తోలుతిత్తి:
రావండీ. ఆ సి మాత్రం అమ్మేయకండి.