ఒక్క ఆవుతో 30 ఎకరాలా? మంద కట్టించకుండా సేంద్రియం నిలుస్తుందా?

పాలమూరు చలక: మాది ఎర్ర చలక, ఆరెకరాలు. యూరియా, డీఏపీ మానేసి నాలుగేళ్లు. జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి పులియబెట్టిన ద్రావణం), ఘనజీవామృతం (దాని ఎండు రూపం) మీదే నడుస్తోంది. మొదట్లో బాగానే ఉంది గానీ ఇప్పుడు జొన్న కంకి చిన్నదవుతోంది. ఈ వేసవిలో గొర్రెల మంద కట్టిద్దామంటే, అంటే డబ్బిచ్చి రాత్రిళ్లు మందను చేనులో ఆపించి పెంట, మూత్రం పడేలా చేద్దామంటే, మా తమ్ముడు వద్దంటున్నాడు. "దేశీ ఆవు ఒక్కటి 30 ఎకరాలకు చాలని ప్రకృతి సేద్యం నేర్పే సుభాష్ పాలేకర్ గారే చెప్పారు, ఆ డబ్బు దండగ" అని వాడి వాదన. మీరేమంటారు?

నవధాన్య: తమ్ముడు చెప్పిందే సరైనది. జీవామృతానికి ఎకరాకు 10 కిలోల పేడ, మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి. ఆవు రోజు పేడ ఒక ఎకరాకు, నెలకు 30 ఎకరాలకు. అది ఎరువు కాదండీ, మట్టిలోని సూక్ష్మజీవులకు తోడు. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లండి, నేల తానే కోలుకుంటుంది.

గట్టు లెక్క: తోడు సరే, పాలు ఏవి? పది కిలోల పచ్చి పేడలో నత్రజని 50 గ్రాములు కూడా దాటదు. కంది, పిల్లిపెసర గాలిలోంచి నత్రజని తెస్తాయి, కాదనను. కానీ భాస్వరం గాలిలో లేదు. గింజ బండెక్కి మార్కెట్‌కు పోయిన ప్రతిసారీ భాస్వరం కూడా పోతోంది. టన్ను మాగిన పశువుల ఎరువులో అది సుమారు 2 కిలోలుంటుంది. ఎకరాకు నాలుగైదు టన్నులు తోలితేనే ఆ లోటు పూడేది.

నవధాన్య: ఎర్రనేలలో ఇనుముతో బిగుసుకున్న భాస్వరాన్ని కంది వేరు విడిపిస్తుందని పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలే 1990లో చూపించారు. నేలలో ఉంది. తీసే వేరు కావాలి.

గట్టు లెక్క: తీయడం వేరు, తేవడం వేరు. తీస్తూపోతే ఎన్నాళ్లు?

కోస్తా రైతు: మీ వైపు మందకు రాత్రికి ఎంత అడుగుతున్నారు?

నవధాన్య: ఎంతైనా ఇవ్వకండి. నేను ఒక వేసవి మంద కట్టించాను. తొలకరికి చేనంతా సర్కారు తుమ్మ మొలకలు! కాయలు మేసొచ్చి గింజలు పెంటలో వదిలాయి. మొలకలు పీకిన కూలి నా జేబులోంచే పోయింది. మంద తోలినాయన మళ్లీ కనబడలేదు.

గట్టు లెక్క: తుమ్మ మొలిచిందని భాస్వరం లెక్క మారదు. మంద లేచిన పొద్దున్నే గుంటక తోలాలి. లేకపోతే మూత్రంలోని నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది. అది చేశారా మీరు?

నవధాన్య: నా చేను గురించి మీరు నాకు చెప్పకండి.

మందోళ్ల బిడ్డ: ఇద్దరూ ఆగుర్రి. మా గొర్లు పగలంతా గుట్ట మీద, బీడుల మేస్తయి. రాత్రి మీ చేన్ల పెంటేస్తయి. మీరు లెక్కేసే భాస్వరం గుట్టది. గుట్టకు తిరిగి ఏం పోతున్నది? ఒక్కలన్న రాసిండ్రా? మా నాయిన మేపిన బీడు సగం పట్టాలయ్యి పత్తి చేనయింది, తతిమ్మాదానికి కంచె పడ్డది. 2017ల 20 గొర్లు, ఒక పొట్టేలు 75 శాతం సబ్సిడీ మీద ఇచ్చిండ్రు. గొర్లు పెరిగినయి, మేసే జాగ పెరగలే. కోతయినంక కొయ్యకాళ్లు కాలవెడ్తరు, మమ్ముల రానియ్యరు. ఎండాకాలం మాత్రం ఫోన్ చేస్తరు. సర్కారు తుమ్మ తప్ప మేత లేకుంటే గొర్రె తుమ్మకాయే తింటది.

గట్టు లెక్క: తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. ఇక్కడ ప్రశ్న చేను గురించి.

మందోళ్ల బిడ్డ: బీడు లేని చేను ఏడిదన్నా?

పాలమూరు చలక: అసలు సంగతి చెప్తాను. చేనుకు ఆనుకుని మాకు రెండెకరాల గరిక బీడు ఉంది. దాన్ని దున్ని పత్తి పెడదామని తమ్ముడి పట్టు. ఆవు ఒక్కటే చాలంటే బీడు అక్కర్లేదు. మంద కావాలంటే బీడు ఉండాలి. ఇంట్లో గొడవ దీని మీదే.

మందోళ్ల బిడ్డ: దున్నకు అన్నా. స్టైలో అనే మేత మొక్క గింజ జల్లు, రెండు వానలకు లేస్తది. వానకాలం మాకియ్యి, ఎండాకాలం రాత్రుల లెక్క తక్కువ చేస్త.

నవధాన్య: మీ తమ్ముడికి పత్తి మీద వచ్చే డబ్బు గరిక ఇస్తుందా? అప్పులుంటే ఆయన తప్పేమిటి?

కౌలు రైతు: నాది మూడెకరాల కౌలు. మంద కట్టిస్తే రెండో ఏడు భూమి బలిసిందని కౌలు పెంచారు. నేనెవరి బీడు కాపాడాలి?