అప్‌డేట్: సింగపూర్‌లో అమ్మకు తిండి ఇబ్బంది రాలేదు

పోయిన నెల అడిగాను కదా, బరంపురం నుంచి అమ్మను మొదటిసారి సింగపూర్ తీసుకెళ్తున్నాం, ఆవిడ శాకాహారి, రోజూ పెద్ద రెస్టారెంట్లు మావల్ల కాదు, ఎక్కడ తినాలని. మీలో చాలామంది హాకర్ సెంటర్లకే (ఒకే కప్పు కింద చవగ్గా తినే చిన్న చిన్న స్టాళ్ళు ఉండే చోట్లు) వెళ్ళమన్నారు, అదే చేశాం.

లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్ మాకు భలే నచ్చింది. కింద ఒకపక్క కూరగాయలు, చేపలు, మాంసం అమ్మే బజారు, ఇంకోపక్క తిండి స్టాళ్ళు. అమ్మ అయితే మా పెద్ద బజారులో చేసినట్టే కరివేపాకు నలిపి వాసన చూసి, "ఇది మన ఆకేరా" అని ఎంత మురిసిపోయిందో! వెజ్ స్టాల్లో దోసె తిన్నాకే నా టెన్షన్ తగ్గింది.

శాకాహారులు ఒకటి గుర్తుంచుకోండి: అక్కడ తూటికూర వేపుడులో కూడా రొయ్యల ముద్ద వేస్తుంటారు, ఆర్డర్ ఇచ్చే ముందే అడగండి. బల్ల మీద టిష్యూ ప్యాకెట్ ఉంటే ఆ సీటు ఎవరో ఆపుకున్నారని అర్థం. తిన్న ట్రే మనమే తీసుకెళ్ళి పెట్టాలి, 2021 నుంచి అది తప్పనిసరి.

ఈ హాకర్ సంస్కృతిని 2020లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చారు. మా ఊరి వడ, ఘుగుని (బఠాణీల కూర) బండ్లకు కూడా అలా నీడ, నీళ్ళు, కూర్చునే చోటు ఉంటే బాగుండునని నిజంగా అనిపించింది. సలహా ఇచ్చిన అందరికీ అమ్మ తరఫున కూడా థాంక్స్ అండి.