తుపాకీ మూతికి బ్రేక్ పెట్టించాలా వద్దా? మీరే చెప్పండి

కావలికుర్రోడు: అన్నలూ, మాది కావలి, ఇప్పుడు టెక్సాస్‌లో ఉండా. ఈడ లైసెన్స్ తీసుకుని జింకల సీజన్‌కి పోతుంటా (మన దగ్గిర నేరమని తెలుసు, ఆ క్లాసు పీకొద్దు). పోయినేడు మోజుపడి 300 విన్ మాగ్ (పెద్ద తూటా) రైఫిల్ కొన్నా, అదేమో భుజం మీద గాడిద తన్నినట్టు తంతాది, ఇప్పుడు ట్రిగ్గర్ నొక్కకముందే కళ్ళు మూసుకుపోతుండాయి, తూటా ఎటు పోతాదో ఆ పెంచలస్వామికే తెలియాల. షాపోడు మజిల్ బ్రేక్ (తన్ను తగ్గించను గొట్టం మూతికి బిగించే చిల్లుల ముక్క) పెట్టించు అంటుండాడు. పెట్టించనా?

ఒంగోలుగిత్త: ఆలోచించేదేముంది, పెట్టించెయ్. నేనూ అక్కడ ఆరేళ్ళు ఉండొచ్చా. గ్యాస్‌ని పక్కలకీ వెనక్కీ తిప్పుద్ది కాబట్టి తన్ను మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుద్ది. స్కోపు కూడా పైకి ఎగరదు, దెబ్బ ఎక్కడ తగిలిందో మన కంటితోనే చూసుకోవచ్చు.

ఉదయగిరిమామ: ఆర్మీలో చేసొచ్చినోణ్ణి, నా మాట విను అబ్బయ్యా. భుజం నొప్పి రెండ్రోజుల్లో పోతాది, చెవిలో గుయ్‌మనే మోత చచ్చేదాకా పోదు. నాకు ఎడమ చెవి పోయింది, కుడిచేతోళ్ళకి మూతివైపు ఉండేది ఆ చెవే గదా. 140 డెసిబెల్స్ దాటితే ఒక్క దెబ్బకే చెవికి ప్రమాదం, మామూలు రైఫిలే 160 దగ్గిర ఉంటాది, బ్రేక్ పెడితే కాల్చేవాడికి ఇంకా పెరగతాది. 3 పెరిగితే శక్తి రెట్టింపు సామీ, అంగడి లెక్క కాదు.

ఒంగోలుగిత్త: చెవులకి మఫ్‌లు (మోత ఆపే డిప్పలు) పెట్టుకుంటే సరిపాయె గదా మామా

ఉదయగిరిమామ: రేంజ్‌లో పెట్టుకుంటాడు. జింక వచ్చిన నిమిషంలో? మెడలో యాలాడతా ఉంటాయి. మా కొండకింద శెనక్కాయ చేలల్లో పందుల్ని తోలడానికి రేకు డబ్బాలు కొడితేనే చెవులు మూసుకుంటాం (కాల్చే పని లేదులే, 72 నాటి వన్యప్రాణి చట్టం ఉండాది).

పెన్నాగట్టు: తమ్ముడూ, యాడ కూచుని కాలుస్తావు? ఒక్కడివేనా?

కావలికుర్రోడు: చెక్క బ్లైండ్‌లో (జింకకి కనపడకుండా దాక్కునే గది) అన్నా. ఈసారి నాయన ఊరినించి వస్తుండాడు, పక్కనే కూచోబెట్టుకుంటా.

పెన్నాగట్టు: ఏందబ్బా ముందే చెప్పొద్దా! సుఖం నీ భుజానికి, మోత మీ నాయన చెవులకా. చెక్క పెట్టెలో ఆ గ్యాసు పక్కలకి కొడితే ఇంకేమన్నా ఉందా. దానికన్నా సప్రెసర్ (మూతికి బిగించే మోత తగ్గించే గొట్టం) నయం, టెక్సాస్‌లో వేటకి చెల్లుద్ది, 200 డాలర్ల పన్ను కూడా 2026 జనవరి నించి సున్నా చేశారు. తన్నూ తగ్గుద్ది, మోతా తగ్గుద్ది.

కావలికుర్రోడు: నాది వీసా అన్నా, ఆ పేపర్లు నాకు కుదురుతాయో లేదో లాయర్ని అడగాల

ఉదయగిరిమామ: అసలు జింకకి అంత తుపాకీ మందున్న తూటా ఎందుకురా, దోమని రోకలితో కొడతారా? 308 అనే చిన్న తూటా చాలు. అదే బరువు తుపాకీలో దాని తన్ను మూడింట రెండొంతులే.

ఒంగోలుగిత్త: సరే మామా, పోనీ తీసేసే రకం పెట్టించుకోమను. రేంజ్‌లో బ్రేక్‌తో భయం పోగొట్టుకుని, వేటకి పోయేముందు తీసి గొట్టం మూతి మర చుట్ల మీద మూత బిగించడమే. గురి జరుగుద్ది, మళ్ళీ జీరో (స్కోపు గురి సరిచెయ్యడం) చూసుకోవాల, అంతే.

ఉదయగిరిమామ: నేర్చుకునేది ఒక తన్నుతో, వేటాడేది ఇంకో తన్నుతోనా? మళ్ళీ కళ్ళు మూస్తాడు చూడు.

కావలికుర్రోడు: మామ మాటే సరిగ్గా ఉన్నట్టుంది. బ్రేక్ ఇప్పటికి ఆపేశా, శనివారం ఫ్రెండ్ 308 తీసుకుని రేంజ్‌లో ఓ 20 తూటాలు కాల్చి చూస్తా. నాయనకి మఫ్‌లు ఆర్డర్ పెట్టేశా. ఆయనేమో ఫోన్లో, జింకని చూట్టానికైతే వస్తా కొట్టేదుంటే రానంటుండాడు, అది వేరే పంచాయితీ.